బొమ్మలో ముఖం కప్పుకున్న మనిషి

ఆ ఏడు చలికాలంలో బహ్రెయిన్‌లో నాలుగు రోజులు విడవకుండా వాన పడింది. అక్కడి ఇళ్ళు ఎండను తట్టుకోవడానికి కట్టినవి, వానను కాదు. ఎక్కడ చూసినా కప్పులు కారాయి. మా కంపెనీ కొత్త కట్టడాలతో పాటు పాత ఇళ్ళ మరమ్మతులు కూడా చేసేది. ఆ వారం సనాబిస్ పక్కనున్న మా క్యాంపు నుంచి మేస్త్రీలను వ్యాన్‌లో ఎక్కించుకుని, ఒక్కో ఇంటి ముందు ఒక్కొక్కరిని దించుకుంటూ పోయారు. నన్ను రిఫాలో ఒక విల్లా ముందు దించారు. చేతిలో బకెట్టు, అందులో తాపీ, చంకలో ప్లాస్టిక్ పట్టా చుట్ట. అది తొంభైల మధ్యకాలం. నాకు ఇరవై ఏడేళ్ళు. జగిత్యాల దగ్గరి ఊరు మాది. బహ్రెయిన్ వచ్చి మూడేళ్ళయినా మా ఊరివాళ్ళ లెక్కలో నేను దుబాయిలోనే ఉన్నాను.

తలుపు తీసినావిడ నన్ను కిందికీ మీదికీ చూసి, "ఈయనైనా సరిగ్గా చేత్తాడో లేదో" అని గొణుక్కుంది. తెలుగులో!

"చేస్తనక్కా. సరిగ్గనే చేస్త" అన్నాను.

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "అమ్మ బాబోయ్, మనోడివేనా! నిన్నొచ్చినోడు ఒక చోట పూసి పోయేడు, రెండు చోట్ల కారింది. అందుకన్నాను తమ్ముడూ, ఏవనుకోకు."

ఆమెది కోనసీమ వైపు ఊరు. ఆ ఇంట్లో వంటా, ఇంటిపనీ అన్నీ ఆమే. ఆరేళ్ళుగా ఉంటోంది కాబట్టి ఇంగ్లీషు బాగా పట్టుబడింది. ఇంటావిడ యూరప్ నుంచి వచ్చిన పెద్దామె, అరవై దాటి ఉంటాయి. భర్త మనామాలో ఏదో బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసేవాడు. ఆవిడ మాత్రం ఎప్పుడూ ఇంట్లోనే, పుస్తకాల మధ్య. అక్క ఆవిడను మేడం గారు అనేది. నేనూ మేడం అనే అన్నాను.

కారుతున్నది ఆవిడ చదువుకునే గదే. కప్పు మీదికి ఎక్కే ముందు కింద ఉన్న వాటిని తడవకుండా కప్పాలి. కిటికీ దగ్గర పెద్ద బల్ల, దాని మీద దుప్పటంత వెడల్పున పరిచిన రంగుల ఫొటోలు. పట్టా విప్పి కప్పబోతూ ఆగిపోయాను.

అందులో మేస్త్రీలున్నారు. సగం లేచిన కోట గోడ, గోడకు కంతలు పెట్టి వాటిలో గుచ్చిన కర్రలు, కర్రల మీద అల్లిన తడికెలు, అదీ పరంజా. ఒకడు భుజం మీద తొట్టి పెట్టుకుని నిచ్చెన ఎక్కుతున్నాడు. తొట్టిలో మాల్, అంటే కలిపిన సున్నపు అడుసు, ఉందని ఆ వంగిన నడుమే చెబుతోంది. ఇంకొకడు రాయి ముందు కూర్చుని ఉలి ఆనించాడు. పైన ఒకడు తూకం గుండు వేలాడదీసి ఒక కన్ను మూసుకుని చూస్తున్నాడు. మా నాన్న కూడా గుండు చూసేటప్పుడు నాలుక కొస బయటికి పెట్టేవాడు. ఈ బొమ్మలో వాడూ పెట్టాడు.

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వుకే మేడం లోపలికి వచ్చినట్టుంది. నేను ఫొటోలు పాడుచేస్తానేమోనని ఆవిడ చెయ్యి చాచింది. నేను నా తాపీ ఎత్తి చూపించి, బొమ్మలో మేస్త్రీ చేతిలోని తాపీ చూపించి, నాకొచ్చిన ఇంగ్లీషులో, "మేడం, సేమ్ సేమ్. మై వర్క్" అన్నాను.

ఆవిడ కళ్ళజోడు తీసి నన్ను చూసింది. తర్వాత అక్కను పిలిచింది.

"ఆ బొమ్మలో ఎవరెవరు ఏం చేత్తన్నారో చెప్పమంటన్నారు తమ్ముడూ. నెమ్మదిగా చెప్పు, నేను ఇంగ్లీషులో చెప్పాలి కదా."

ఒక్కొక్కరి మీద వేలు పెట్టి చెప్పాను. వీడు మాల్ కలుపుతుండు. వీడు మూలమట్టం పట్టిండు. ఈ పెద్ద చక్రం లోపల ఇద్దరు నడుస్తున్నరు, వాళ్ళు నడిస్తే తాడు చుట్టుకొని రాయి పైకి లేస్తది. అక్క చెబుతుంటే ఆవిడ కాగితం మీద రాసుకుంది. నా మాట ఒకరు రాసుకోవడం అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. కప్పు మీద పని ఉందన్న సంగతే మరిచిపోయాను.

ఆ తర్వాత ఆవిడ చెప్పింది, అక్క నోటితో. అసలు బొమ్మ పుస్తకం కాగితం మీద కాదు, దూడ తోలు మీద చేత్తో రాసినది. తోలును గీకి, సాగదీసి, తెల్లగా చేసి, దాని మీద రంగులు వేసి, బంగారు రేకు అంటించి, రాతితోనో జంతువు పంటితోనో రుద్ది మెరిపించేవాళ్ళట. "దూడ తోలంట తమ్ముడూ" అని చెబుతూ అక్క తన చేతులు పైటకు తుడుచుకుంది. ఆరేళ్ళుగా దుమ్ము దులుపుతున్నది ఫొటోలనే అయినా ఆ సంగతి ఆమెకు ఆ రోజే తెలిసింది.

బొమ్మ వేసి అయిదారు వందల ఏళ్ళు. కానీ బొమ్మలో కథ అంతకు రెండు వేల ఏళ్ళ ముందుది, రోము నగరం పుట్టినప్పటిది. చిత్రకారుడు ఆ కాలాన్ని చూసినవాడు కాదు. అందుకని రోము మనుషులకు తన ఊరి మనుషుల బట్టలే తొడిగాడు. తన ఊళ్ళో కట్టే గోడనే కట్టించాడు. చదువుకున్నవాళ్ళకు ఇది వింతగా ఉంటుందట, నీకు ఎలా ఉంది అని అడిగింది.

"ఇంతల వింతేమున్నదక్కా? మా దిక్కు పటం కథలోళ్ళు వస్తరు. గుడ్డ మీద భారతం బొమ్మలేసి కర్రకు కట్టి, ఒక్కో బొమ్మ చూపించుకుంట కథ చెప్తరు. అండ్ల పాండవులకు మా ఊరి దొర మీసాలే ఉంటయ్. దొర రుమాలే ఉంటది. రాజు అంటే ఎట్లుంటడో జనానికి తెల్వాలె గద."

అక్క దీన్ని ఎలా చెప్పిందో గానీ మేడం చేతులు చరిచింది. కుర్చీ లాగి నన్ను కూర్చోమంది. సిమెంటు బట్టలతో కూర్చోలేక నిలబడే ఉన్నాను.

అప్పుడు బొమ్మలో కుడివైపు కింది మూల చూపించింది. నేను మేస్త్రీలను చూస్తూ దాన్ని గమనించనే లేదు. కిరీటం పెట్టుకున్నవాడు కత్తి ఎత్తాడు. అతని ముందు ఒక పడుచువాడు మోకాళ్ళ మీద పడి ఉన్నాడు. ఇద్దరూ కవలలు. పసివాళ్ళుగా నదిలో కొట్టుకుపోతే ఒక తోడేలు పాలిచ్చి పెంచింది. పెద్దయ్యాక నగరం కట్టాలనుకున్నారు. ఎక్కడ కట్టాలన్న దగ్గర మాటా మాటా పెరిగింది. ఒకడు గోడ మొదలుపెట్టాడు. గోడ ఇంకా మోకాలెత్తు కూడా లేవలేదు. రెండోవాడు ఇదీ ఒక గోడేనా అని నవ్వి దాన్ని దూకాడు. దూకినందుకు మొదటివాడు వాణ్ణి చంపేశాడు. గెలిచినవాడి పేరే ఆ నగరానికి పెట్టారు.

"ఇది చూడు తమ్ముడూ" అంది అక్క, గొంతు తగ్గించి. ఆమె మేడం మాటలే చెబుతున్నా, చాలాసార్లు విన్న మాటలు గనక తన సొంత మాటల్లా చెప్పింది. "తమ్ముణ్ణి చంపేత్తంటే ఈ పనోళ్ళు ఎవరూ ఇటు తిరిగి చూడలేదు. రాయి చెక్కేవోడు చెక్కుతానే ఉన్నాడు, మోసేవోడు మోత్తానే ఉన్నాడు. ఒక్కడంటే ఒక్కడు, ఇదిగో ఈ ఎడం పక్కనోడు, మొహం పక్కకి తిప్పుకుని గుడ్డ అడ్డం పెట్టుకుని ఏడుత్తన్నాడు. ఇంతమందిలో మనసున్నోడు ఈయనొక్కడే అంటారు మేడం గారు. ఈయన గురించే ఏడేళ్ళుగా పుస్తకం రాత్తన్నారు."

వంగి చూశాను. నేలలో తవ్విన గుంట. గుంటలో తెల్లటి కుప్ప. ఆ మనిషి చేతిలో పొడుగు కర్రకు బిగించిన పార. కుప్ప మీద సన్నగా, వంకరగా బూడిదరంగు గీతలు నాలుగైదు. ఆ గీతలన్నీ అతని వైపే వంగాయి. అతని ముఖం వాటికి దూరంగా తిరిగి ఉంది.

"అక్కా, గీయన ఏడుస్తలేడు."

"ఏంటీ?"

"సున్నం పెడుతుండు. కాల్చిన సున్నపురాళ్ళ మీద నీళ్ళు పోస్తే కుతకుత ఉడుకుతది. ఆవిరి లేస్తది. కండ్లల్ల పడ్డదంటే కండ్లు పోతయ్. గాలి ఇటు కొడుతుందని మొఖం అటు తిప్పుకున్నడు, గుడ్డ అడ్డం పెట్టుకున్నడు. గీ గీతలు చూడు, ఆవిరి."

అక్క నా వైపూ మేడం వైపూ చూసింది. "ఇది చెప్పమంటావా?"

ఇరవై ఏడేళ్ళ వయసు, తెలిసిన సంగతి చెప్పే ఉత్సాహం. "చెప్పక్కా" అన్నాను.

ఆమె చెప్పింది. మేడం భూతద్దం తీసుకుని ఆ గీతల మీద పెట్టి చాలాసేపు చూసింది. అవి పాత తోలు మీద పడిన గీరలని ఆవిడ అనుకునేదట. తర్వాత భూతద్దం బల్ల మీద పెట్టి గదిలోంచి వెళ్ళిపోయింది.

అక్క వెనకే వెళ్ళి తిరిగొచ్చింది. "వంటింట్లో నిలబడి మంచినీళ్ళు తాగుతున్నారు. ఎంత పని చేసేవయ్యా తమ్ముడూ" అంది. కోపంగా అనలేదు. అదే ఎక్కువ కష్టమనిపించింది.

మరునాడు కప్పు పని అయిపోయేదాకా మేడం బయటికి రాలేదు. వ్యాన్ వచ్చింది, ఎక్కాను. క్యాంపుకు పోయాక కూడా నాకు అన్నం సయించలేదు. పదో తరగతి తప్పి తాపీ పట్టినవాణ్ణి. ఏడేళ్ళు చదివి రాసిన మనిషికి, ఎదురుగా నిలబడి, నువ్వు అనుకున్నది తప్పు అని చెప్పి వచ్చాను. నేను చెప్పింది నిజమే. నిజమని తెలిసినా మనసు కుదుటపడలేదు.

వారం దాటాక ఒక గురువారం క్యాంపు ఆఫీసుకు ఫోను వచ్చింది. అక్క.

"తమ్ముడూ, రేపు సెలవే కదా, వత్తావా? మేడం గారు అడగమన్నారు. నువ్వు చెప్పిన సున్నం, అదే, ఉడికే సున్నం, అది దొరుకుద్దా?"

సిమెంటు వచ్చాక దాన్ని అడిగే దిక్కు లేదు. అదృష్టం కొద్దీ ముహర్రక్‌లో ఒక పాత ఇంటిని పాత పద్ధతిలోనే బాగుచేస్తున్న చోట మా మండలం వాడొకడు పనిచేస్తున్నాడు. అతణ్ణి అడిగి అయిదారు గడ్డలు ఒక డబ్బాలో పెట్టుకుని, మూత బిగించి, శుక్రవారం పొద్దున రిఫా చేరాను.

విల్లా వెనక పెరట్లో ఇసుక నేల. ఒక ఇనుప తొట్టి, ఒక పార సంపాదించి ఉంచారు. మేడం కెమెరా మెడలో వేసుకుని, చేతిలో ఆ బొమ్మ పట్టుకుని నిలబడింది. దూరంగా ఉండమని అక్కకు చెప్పాను. సున్నపుగడ్డలు తొట్టిలో పేర్చి, నీళ్ళు పోశాను. కాసేపు ఏమీ కాలేదు. మేడం నా ముఖంలోకి చూసింది. అంతలో ఒక గడ్డ చిటపటమంది, ఇంకొకటి పగిలింది, తొట్టి మొత్తం బుసకొట్టి ఉడకసాగింది. తెల్లటి ఆవిరి గాలితో పాటు నా మీదికి వచ్చింది. పార తిప్పుతూనే భుజం మీది తువ్వాలు లాక్కుని, ముఖానికి అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగాను. ఎవరూ చెప్పకుండా చేతులు చేసిన పని అది.

మేడం ఏదో గట్టిగా అరిచింది.

"కదలకంట తమ్ముడూ! అలాగే ఉండమంటన్నారు!"

"ఆపరాదక్కా! ఇప్పుడు ఆపితే గడ్డలు లోపల పచ్చిగ ఉంటయ్, తర్వాత గోడల పగుల్తయ్. తిప్పుతనే ఉండాలె!"

ఆవిడ చుట్టూ తిరిగి ఫొటోలు తీసింది. ఉడుకు తగ్గి, తొట్టిలో వెన్నలాంటి ముద్ద మిగిలాక, బొమ్మను నా పక్కన పెట్టి అక్కకు చూపించింది. అదే మోచెయ్యి, అదే మెడ వంపు. మేడం పెద్దగా నవ్వింది. నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. ఆవిడ తొట్టికి బాగా దగ్గరగానే నిలబడింది, ఆవిరి తగిలే ఉంటుంది.

టీ తాగుతూ ఆవిడ మెల్లగా మాట్లాడింది. రాసిందంతా పక్కన పెట్టేసి మళ్ళీ మొదటి నుంచి రాస్తానంది. చిత్రకారుడు నిజం పనివాళ్ళను దగ్గర నిలబడి చూశాడు, అది తేలింది, సంతోషమే. కానీ ఇప్పుడు ఆ బొమ్మలో ఏడ్చే మనిషి లేడు. అన్న తమ్ముణ్ణి చంపుతుంటే పట్టించుకున్నవాడే లేడు. రాజులు ఏం చేసుకున్నా కింది మనుషులకు పట్టదని, తమ పని తమదేనని, ఆ చిత్రకారుడు చెప్పదలచుకున్నాడేమో. ఇక అలాగే రాయాలి అంది.

అక్క ఈ మాట తెలుగులో చెప్పేసరికి నా చేతిలోని టీ కప్పు కింద పెట్టేశాను.

"అట్ల రాయొద్దని చెప్పక్కా."

"ఎందుకని?"

ఎందుకో చెప్పాలంటే ముందటి సంవత్సరం సంగతి చెప్పాలి. అప్పటిదాకా దాన్ని ఎవరికీ చెప్పలేదు. మా గదిలోవాళ్ళకు చెప్పాల్సిన పని లేదు, వాళ్ళూ అక్కడే ఉన్నారు.

నాతో పాటు ఒకే విమానంలో బహ్రెయిన్ దిగిన జతగాడు ఒకతను ఉండేవాడు. మా పక్క ఊరే. నాకంటే నాలుగేళ్ళు పెద్ద, అన్నా అనేవాణ్ణి. మూడేళ్ళలో రెండేళ్ళు ఒకే గదిలో పక్కపక్క మంచాలు. సముద్రం పూడ్చిన నేల మీద సీఫ్ దగ్గర కడుతున్న బిల్డింగులో స్లాబు పోసే రోజు అది. పొద్దున ఆరింటి నుంచి కాంక్రీటు లారీలు వరసగా వస్తున్నాయి. పది దాటింది. అన్న అంచు దగ్గర కడ్డీలు సరిచేస్తున్నాడు. నేను పది అడుగుల దూరంలో, కాంక్రీటును అదిమే యంత్రం గొట్టం పట్టుకుని ఉన్నాను. తల ఎత్తేసరికి అతనున్న చోట అతను లేడు. అంతే. అరుపు కూడా వినలేదు, యంత్రం చప్పుడులో.

కిందికి ఉరికాం. ఊపిరి ఉంది. ఎవరో అంబులెన్సు పిలిచారు, సల్మానియా ఆసుపత్రికి తీసుకుపోయారు. తోడు ఒక్కణ్ణే ఎక్కనిచ్చారు. ఆ ఒక్కడు నేను కాదు. ఫోర్‌మన్ ముఖం తెల్లబడిపోయింది. అతను కూడా మా లాంటివాడే. అయినా, "యల్లా భాయ్, మీదికి నడవండి. సగం పోసిన స్లాబు ఆగిపోతే అతుకు పడుతుంది, రేపు ఇంకొకడు దాని కింద చస్తాడు" అన్నాడు. మీదికి పోయాం. మధ్యాహ్నం మూడింటిదాకా పోశాం. పోస్తుండగానే కబురు వచ్చింది, అన్న పోయాడని. గొట్టం నా చేతిలోనే ఉంది. చివరి లారీ ఖాళీ అయ్యేదాకా వదల్లేదు.

ఇది చెప్పడం నాకు చాలాసేపు పట్టింది. అక్క మధ్యలో రెండుసార్లు ఆగి ముక్కు చీదుకుని మళ్ళీ మేడంకు చెప్పింది.

"మాల్ కలిపినంక అది ఆగదక్కా. సున్నం పెట్టినంక అది ఆగదు. ఆగమంటే మనిషి ఆగుతడు గని అది గట్టిపడుతది. గీ బొమ్మలోళ్ళకు పట్టలేదని ఎట్ల చెప్తం? వాళ్ళ చేతులల్ల ఏమున్నదో చూడాలె గద."

మేడం కలం చేతిలోకి తీసుకుంది. తర్వాత ఒక్కటే అడిగింది. అక్క దాన్ని జాగ్రత్తగా, మాట మాట విడదీసి తెలుగులో చెప్పింది.

"ఆ రోజు మిమ్మల్ని ఎవరైనా ఫొటో తీసుంటే, అందులో ఏం కనపడేదీ అని అడుగుతున్నారు."

నేను ఆలోచించాను. గొట్టం పట్టుకున్న నేను, పారలు పట్టుకున్న మిగతావాళ్ళు, వరసగా నిలబడ్డ లారీలు.

"పని కనపడుతుండె" అన్నాను.

ఆవిడ ఆ మాట రాసుకుంది.

ఆ తర్వాత ఏడాది పాటు, వీలైన శుక్రవారాలు రిఫా వెళ్ళాను. మేడం వేరే బొమ్మలు కూడా చూపించింది. మంచు కొండల మీద ఏనుగులను నడిపించిన సేనాపతి బొమ్మ చూసి అక్కా నేనూ కడుపు పట్టుకుని నవ్వాం. చిత్రకారుడు ఏనుగును ఎన్నడూ చూడలేదు. తొండం సన్నాయి బూరలాగా ఉంది, కాళ్ళకు గుర్రం గిట్టలున్నాయి. చెరువులో స్నానం చేసే ఏనుగు ఎలా ఉంటుందో అక్క పెరట్లో నడిచి చూపించింది. మేడం దాన్ని కూడా రాసుకుంది.

నగరం కట్టే బొమ్మకు రంగుల జిరాక్సు తీసి నాకిచ్చింది. క్యాంపులో మా గది గోడకు అంటించాను. డ్యూటీ నుంచి వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే దాని ముందు నిలబడేవాళ్ళు. ఆ చక్రం కింద నేనైతే నిలబడనని ఒకడు. నిచ్చెన వాలు సరిగ్గా లేదని ఇంకొకడు. వీళ్ళకు ఓవర్‌టైం ఉండేదా అని ఇంకొకడు. రాజు దిక్కు ఎవరూ చూడలేదు. చివరికి ఒక పెద్దాయన, నిజామాబాదు వైపు మనిషి, "గా మూలకు ఎవడో సావబట్టె" అన్నాడు. అందరం దగ్గరికి పోయి చూశాం. మా అందరికీ ఒకే మనిషి గుర్తొచ్చాడని నాకు తెలుసు.

మేడం రాసింది ఆవిడ దేశంలో ఒక పత్రికలో అచ్చయింది. నా పేరు వేస్తానని పట్టుబట్టింది. శుక్రవారాలు వేరే ఇంటికి పోతున్నానని తెలిస్తే నా వీసా యజమాని, కఫీల్, ఏమంటాడోనని వద్దన్నాను. బహ్రెయిన్‌లోని ఒక తాపీ మేస్త్రీ అని మాత్రం రాసింది. ఆ పుట అక్క నాకు చదివి తెలుగులో చెప్పింది. ముఖం కప్పుకున్న మనిషి సున్నం పెడుతున్నాడట. అతను ఏడుస్తున్నాడో లేదో బొమ్మను బట్టి చెప్పలేమట. పని ఆగకపోవడం చూసి పనివాళ్ళకు మనసు లేదని అనుకోవడం, తాను ఏడేళ్ళు చేసిన తప్పట.

"తప్పని అచ్చులో ఒప్పుకున్నారు చూడు" అంది అక్క గర్వంగా. ఆ మరుసటి ఏడు భర్త ఉద్యోగం అయిపోయి వాళ్ళు వెళ్ళిపోయారు. అక్క సల్మానియాలో ఒక నర్సమ్మ ఇంట్లో పనికి కుదిరింది. మేడం వెళ్ళే రోజు నా చెయ్యి పట్టుకుని, అరచేతిలోని కాయలను ఒకసారి వేలితో తాకి చూసి, వదిలేసింది.

నాకు సెలవు దొరికింది ఆ తర్వాత. ఊరికి పోయిన మూడో రోజున సైకిలు మీద పక్క ఊరికి బయలుదేరాను. అన్న పోయినప్పుడు అతని భార్యకు ఉత్తరం రాసింది నేనే. క్యాంపులో చేతిరాత బాగున్నవాణ్ణని అందరూ నన్నే రాయమన్నారు. పని అక్కడికక్కడే ఆపేశామనీ, అందరం ఆసుపత్రికి పోయామనీ, చివరిదాకా అన్న పక్కనే ఉన్నామనీ రాశాను. ఆ ఉత్తరాన్ని ఆమె నలుగురితో చదివించుకుందని తర్వాత తెలిసింది. రిఫాలో అంత పరాయి మనిషి ముందు నిజం చెప్పగలిగినవాణ్ణి, ఆమెకు చెప్పకుండా ఎలా తిరుగుతున్నానో నాకే అర్థం కాలేదు. దారిలో రెండుసార్లు సైకిలు దిగాను.

వదినె అరుగు మీద కూర్చుని బీడీలు చుడుతోంది. ఒళ్ళో చేట, చేటలో కత్తిరించిన ఆకులు, తంబాకు. నన్ను చూసి లోపలి నుంచి పీట తెచ్చి వేసింది, నీళ్ళిచ్చింది, మళ్ళీ కూర్చుంది.

"వదినె, నేను రాసిన ఉత్తరంల అబద్ధమున్నది" అన్నాను.

ఆమె చేట కింద పెట్టింది.

మొత్తం చెప్పాను. గొట్టం, లారీలు, ఫోర్‌మన్ మాట, మధ్యాహ్నం మూడు. ఆమె నా ముఖం చూడలేదు, వాకిట్లోకి చూస్తూ విన్నది. తిడుతుందనుకున్నాను. లేచి లోపలికి పోతుందనుకున్నాను.

"గా స్లాబు గట్టిగనే పడ్డదా తమ్మీ?" అంది.

"పడ్డది వదినె. దాని మీద ఇంకా మూడంతస్తులు లేచినయ్."

ఆమె తల ఊపింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఉత్తరం చదివితే నాకు నమ్మబుద్ధి కాలేదు. దుబాయిల పని ఆపుతరా? ఎవలూ ఆపరు. మరి నువ్వు గట్లెందుకు రాసినవో అనుకున్న. పోనీ, నా మంచికే రాసినవ్."

తర్వాత ఆమె అడిగినవి నేను ఊహించనివి. ఆ రోజు పొద్దున ఏం తిన్నాడు. ఏ అంగీ తొడుక్కున్నాడు. ఏమన్నా అన్నాడా. ఇవి ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఉత్తరంలో నేనూ రాయలేదు. ముందు రోజు మిగిలిన పప్పుతో రెండు రొట్టెలు తిన్నాడని చెప్పాను. నీలం గళ్ళ అంగీ. బస్సు ఎక్కేటప్పుడు నా హెల్మెటు తను పెట్టుకుని, తనది నాకిచ్చి, నీ తలకాయ పెద్దగైంది, పైసలెక్కువైనయ్ అని ఎక్కిరించాడని చెప్పాను. ఆమె నవ్వింది. "ఇంట్ల గూడ గంతే, అందరి తలకాయల మీద పడెటోడు" అంది.

ఎండ అరుగు మీదికి వచ్చింది. ఇద్దరం నీడలోకి జరిగాం. ఆమె ఇంకా అడుగుతూనే ఉంది. గుర్తున్నవన్నీ చెబుతూ కూర్చున్నాను.